బొట్టు పెట్టి తీసుకున్న గోడ

మా ప్రహరీ గోడ అంత తెల్లగా ఉండడమే మాకు ముప్పు తెచ్చింది. మాసిపోయిన గోడ జోలికి ఎవడూ రాడు.

ఆ గోడకి సున్నం నేనే వేసేదాన్ని. కొట్లో అమ్మే పొడి సున్నం ఆనుకుంటే వీపుకి అంటుకొచ్చేస్తుంది. దాని మీద డబ్బు తగలెయ్యడం నాకిష్టం ఉండేది కాదు. గుల్లసున్నం తెప్పించి, పెరట్లో పాత బానలో పోసి నీళ్ళు పట్టించి, ఉడుకు చల్లారాక చిరిగిన చీర ముక్కలో వడగట్టేదాన్ని. అందులో నానబెట్టిన తుమ్మజిగురు, చిటికెడు నీలిమందు. కొబ్బరి పీచు కట్టి చేసుకున్న కుంచె. ముందు నిలువుగా ఒక పూత, అది ఆరాక అడ్డంగా ఇంకో పూత. వానాకాలం గడిచిపోయినా ఆ గోడ పెచ్చులూడేది కాదు.

గోడ ఉన్న చోటు కూడా అలాంటిది. భీమవరం వెళ్ళే రోడ్డు సరిగ్గా మా ఇంటి ముందు వంపు తిరుగుతుంది. బస్సులూ రొయ్యల ఐసు లారీలూ అక్కడ నెమ్మదించి తీరాలి. కిటికీ పక్కన కూచున్నవాడి కళ్ళకి ఎదురుగా వచ్చేది మా గోడే. అందుకని ఊళ్ళో ఏ పార్టీ ఆఫీసు తెరిచినా ముందు మా గోడ మీద కన్ను పడేది. ఎన్నికలు ఇంకా ఉన్నాయో లేవో తెలియక ముందే ఎవడో వచ్చి ఒక మూల పార్టీ పేరు రాసి, దాని పక్కన ‘రిజర్వుడు’ అని రాసి పోయేవాడు. నా గోడ రిజర్వు చేసుకోవడానికి అదేమన్నా రైల్లో సీటా? ఇల్లూ ప్రహరీ నా పేర ఉన్నాయి. మావారు పోకముందే నా పేర రాయించి పోయారు. ఆ సంగతి ఊరంతా ఎరుగును. అయినా ఏనాడూ ఎవడూ నన్నడిగి రాయలేదు. ఎన్నికలయ్యాక ఒకడూ వచ్చి చెరిపిందీ లేదు. గెలిచినవాడికి తీరికుండదు, ఓడినవాడికి మొహం చెల్లదు. బాన కడిగి మళ్ళీ సున్నం నానబెట్టుకోవడం నా వంతు.

ఏ పార్టీ అని ఇక్కడ రాయను. రాస్తే రెండోవాళ్ళు సంతోషిస్తారు. వాళ్ళకి ఆ సంతోషం ఇవ్వడం నాకిష్టం లేదు.

తొంభైల నడుమ ఎన్నికల రూల్సు గట్టిపడ్డాయి. ఒక ఎండాకాలం, ఎన్నికలు రాబోతుండగా మున్సిపాలిటీ ఆటో మైకు పెట్టుకుని వీధివీధీ తిరిగింది. పట్టణం హద్దుల్లో గోడల మీద రాతలు కూడదు, పోస్టర్లు అంటించకూడదు, స్తంభాలకి జెండాలు కట్టకూడదు, ఎవరి గోడైనా పాడుచేస్తే చెరిపే ఖర్చు ఎన్నికల్లో నిలబడ్డ మనిషి లెక్కలో రాస్తారు. నేను గేటు దగ్గర నిలబడి మొత్తం విన్నాను. నేను చదివింది మూడో తరగతి దాకానే అయినా చెప్పింది అర్థం కాకపోదు. గవర్నమెంటు చెప్పిన మాట నాకు నచ్చడం అదే మొదలు. ఆ ఉత్సాహంలో ఆ ఏడు గోడకి మూడో పూత కూడా వేశాను.

మా అబ్బాయి మున్సిపల్ స్కూల్లో మేష్టరు. వాడికి పోలింగు డ్యూటీ పడింది. దాంతోపాటు స్కూలుకి ఇంకో కాగితం వచ్చింది. ఉద్యోగస్తుల ఇళ్ళ మీద ఏ పార్టీ రాతలు, జెండాలు కనిపించినా సస్పెండు చేస్తామని. వాడు అన్నం తింటూ ఆ మాట చెప్పి నవ్వాడు.

"మనకేం భయంలేదమ్మా. నీ గోడ మీద ఈగ వాలాలన్నా పర్మిషన్ అడగాలి."

ఆ వారంలోనే ఇద్దరు ఆడవాళ్ళు కారు దిగి వచ్చారు. ఒకావిడ ఎన్నికల్లో నిలబడ్డాయన భార్య, రెండో ఆవిడ ఆయన చెల్లెలు. పట్టుచీరలు, చేతిలో వెండి కుంకుమ భరిణ. నేను అరుగు మీద చేటలో బియ్యం ఏరుతున్నాను.

"మామ్మగారూ, బావున్నారా అండి? కోడలుగారు లేరా అండి?"

"నేనున్నాను కదా. చెప్పండి."

"అబ్బే, ఏం లేదండి. ఓసారి బొట్టు పెట్టి వెళ్దామని."

బొట్టు పెట్టడానికి వచ్చినవాళ్ళ మధ్య నాకేం పని? చేట పట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోయాను. మావారు పోయినప్పటినుంచీ నాకది అలవాటే. గేదెకి కుడితి పెట్టి వచ్చేసరికి కారు వెళ్ళిపోయింది. కోడలి నుదుట రూపాయి కాసంత కుంకుమ, చేతిలో రవికల గుడ్డ, రెండు అరటిపళ్ళు. రవికల గుడ్డ మంచిదే. నేనే తీసి పెట్టెలో దాచాను.

తర్వాతి ఆదివారం మా ఆడపడుచు కొడుకు కోనసీమలో ఇల్లు కట్టుకుంటే గృహప్రవేశానికి అందరం వెళ్ళాం. ఎండ తిరిగే వేళకి బస్సులో వస్తున్నాం. వంపు దగ్గర బస్సు నెమ్మదించింది. ఎప్పట్లాగే మా గోడ చూసుకుందామని కిటికీలోంచి తల బయటికి పెట్టాను.

గోడ లేదు. అంటే ఉంది గానీ నాది కాదు. ఈ చివర్నించి ఆ చివరిదాకా మనిషెత్తు అక్షరాలు. కూడబలుక్కుంటూ చదివాను. నిలబడ్డాయన పేరు, ఆయన గుర్తు, మీ అమూల్యమైన ఓటు. నా మూడు పూతల సున్నం మీద రంగు ఎంత బాగా పట్టిందో! బస్సులో నా వెనక సీటువాడు, "అబ్బ, ఏం రాశారండీ, అచ్చు వేసినట్టుంది" అన్నాడు. వెనక్కి తిరిగి నేను చూసిన చూపుకి వాడు మళ్ళీ నోరెత్తలేదు.

గోడ మొదట్లో రంగు డబ్బాలు, తెగిన కుంచె, మద్యనిషేధం రోజుల్లో అందరూ యానాం నుంచి తెచ్చుకునే బ్రాందీ ఖాళీ సీసా పడి ఉన్నాయి. పట్టపగలు, నడిరోడ్డు మీద, తాగుతూ రాశారన్నమాట. సీసా ఏరి లోపల పెట్టాను. కిరసనాయిలు పోసుకోవడానికి పనికొస్తుంది. కుంచె కూడా.

మా అబ్బాయి గేటు దగ్గరే నిలబడిపోయాడు.

"అమ్మా, నా ఉద్యోగం పోయినట్టే."

"ఎందుకు పోతుంది? బకెట్టు తే, ఇప్పుడే చెరిపేస్తాను."

నేను చీర ఎగదోపి చీపురు అందుకున్నానో లేదో, ఎదుటి టీకొట్టు బల్ల మీంచి అవతలి పార్టీ మనిషి లేచి వచ్చాడు. మెడలో కెమేరా.

"చెరపకండి మామ్మగారూ. ఫోటోలు తీసి కంప్లైంటు ఇచ్చేశామండి. ఇప్పుడు చెరిపారంటే సాక్ష్యం మాయం చేశారని ఇంకో కేసవుతుంది. మేష్టారికే నష్టం."

"వాళ్ళు రాస్తుంటే నువ్విక్కడే ఉన్నావా?"

"ఉన్నానండి."

"ఆపలేదేం?"

"రాస్తేనే కదండీ కంప్లైంటు ఇచ్చేది!"

అని నవ్వాడు. ఆ నవ్వు నాకిప్పటికీ కళ్ళముందుంది. రాసినవాడికీ ఫోటో తీసినవాడికీ మా గోడ కావాలి. ఆ గోడ వెనకాల ఉన్నవాళ్ళ తిండి ఏమైతే వాళ్ళకేం?

ఇంట్లోకి వచ్చాక కోడలు ఏడుపు మొదలెట్టింది. అప్పుడు బయటపడింది అసలు సంగతి. ఆ ఇద్దరిలో ఒకావిడ కుంకుమ పెడుతూ అందట: "మీ గోడ ఎంత బావుందండి వదినగారూ, మీగడలా ఉంది! మావాళ్ళు నాలుగు ముక్కలు రాసుకుంటారేమో, అభ్యంతరం లేదు కదండీ?" అని. ఇది తల వంచుకుని, "అయ్యో, దానికేముందండీ" అందట.

"దానికేముందా? మొగుడి ఉద్యోగం ఉంది దానికి!" అని అరిచాను.

"ఏదో మాటవరసకి అన్నారనుకున్నాను అత్తయ్యగారూ. నుదుట వేలు పెట్టి అడుగుతుంటే కాదని ఎలా అంటానండి?"

నిజమే. మా వైపు ఆడది బొట్టు పెట్టించుకుంటూ కుదరదు అని అనదు. పెళ్ళిపిలుపుకి వచ్చినా, నోముకి వచ్చినా, ‘అలాగేనండి’, ‘దానికేముందండి’, ‘తప్పకుండానండి’, ఈ మూడింట్లో ఒకటి దానంతటదే నోట్లోంచి వస్తుంది. అది ఒప్పుకోవడం కాదు, మర్యాద. ఆ వచ్చినవాళ్ళకీ ఆ సంగతి తెలుసు. తెలిసే భరిణ తెచ్చారు. కోడలి మీద కోపం ఆ పూటతో పోయింది. భరిణ మీద కోపం మాత్రం పోలేదు. గోడ నాది. గోడగలదాన్ని గుమ్మంలోనే కూచుని ఉన్నాను. నాకు బొట్టు పెట్టడానికి లేదు కాబట్టి నన్ను అడగనక్కర్లేదనుకున్నారు.

మర్నాడే స్కూలుకి మెమో వచ్చింది. ఎందుకు సస్పెండు చెయ్యకూడదో చెప్పమని.

మా అబ్బాయి సెలవు చీటీ రాయాలన్నా నాలుగుసార్లు చింపి రాసే రకం. నేనే మున్సిపల్ ఆఫీసుకి వెళ్ళాను. ఎన్నికల పని చూసే ఆఫీసరు చిన్నవాడే, మర్యాదస్తుడు. కుర్చీ వేయించాడు.

"చెప్పండి మామ్మగారూ."

"నన్నడక్కుండా నా గోడ మీద రాశారు. శిక్ష మావాడికి వేస్తున్నారు. ఇదేం రూలండీ?"

"మీ ఇంట్లోవాళ్ళు ఒప్పుకున్నారని పార్టీవాళ్ళు చెప్తున్నారండి. ఊళ్ళో గోడ రాతలు ఎవరు ఒప్పుకున్నా కూడదు. కానీ ఒప్పుకుంటే ఇంటివాళ్ళదీ తప్పవుతుందండి. అందులో మేష్టారు ఉద్యోగస్తులాయె."

"ఒప్పుకున్నట్టు కాగితం చూపించారా?"

"లేదండి. బొట్టు పెట్టి అడిగామంటున్నారు. మీ కోడలుగారు సరేనన్నారట కదా?"

"గోడ నా పేర ఉంది. కోడల్ని అడిగితే ఎలా చెల్లుతుంది?"

"మరి మిమ్మల్నే ఎందుకు అడగలేదండీ వాళ్ళు?" అన్నాడు. అని నా మొహం వంక చూశాడు. నుదురు చూశాడు. వెంటనే తల దించుకుని ఫైలు ఇటూ అటూ జరిపాడు. సంగతి అతనికి అర్థమైంది.

అతనే గొంతు తగ్గించి చెప్పాడు.

"ఒకటే దారండి. అడక్కుండా మేమే రాసుకున్నామని వాళ్ళు ఒక ముక్క రాసివ్వాలి. అప్పుడు తప్పు, ఖర్చు వాళ్ళ మీద పడతాయి. మేష్టారికి ఏ గొడవా ఉండదు. పోలింగు పెట్టెలు పంచేలోగా తేలకపోతే మాత్రం డ్యూటీ నుంచి తప్పించి పైకి రాయాల్సి వస్తుందండి. పైకి వెళ్ళిందంటే నా చేతిలో ఉండదు."

"మీరు పిలిచి రాయించండి మరి."

"నోటీసు పంపామండి."

నోటీసు పంపారట! గోడ రాసిన పెద్దమనిషికి నోటీసు, రాయించుకున్న పాపానికి మావాడికి మెమో. నోటీసుకి జవాబు ఎప్పుడిచ్చినా ఫరవాలేదు, మెమోకి మాత్రం మూడు రోజుల్లో ఇచ్చి తీరాలి. రూలు మైకులో విన్నప్పుడు ఇది చెప్పలేదు.

మా అబ్బాయి ఆ నిలబడ్డాయన ఇంటికి వెళ్ళి బతిమాలాడు. పొద్దుటినుంచి చీకటి పడేదాకా వరండాలో కూచోబెట్టి, "చూద్దాం మేష్టారూ, మీరూ బూతులో మావాళ్ళని కాస్త చూసుకోండి" అని పంపారు. వాడు వచ్చి అన్నం ముందు కూచుని మెతుకు ముట్టలేదు. పిల్లలకి చదువు చెప్పేవాడు. వాడి చేత పడిగాపులు కాయించి, పైగా దొంగపని చెయ్యమంటారా? వాడి కంచం నేనే తీసేశాను. అన్నం పారబొయ్యకుండా నీళ్ళు పోసి పొద్దున్నకి ఉంచాను. అప్పుడే అనుకున్నాను, రేపు నేనే వెళ్తానని.

ఒక మాట చెప్పాలి. మావారు పోయినప్పటినుంచీ ఎవరు ఏ పనికి బయల్దేరుతున్నా నేను ఎదురుపడలేదు. మా అబ్బాయి పరీక్షకి వెళ్ళినా, ఇంటర్వ్యూకి వెళ్ళినా, ఉద్యోగంలో చేరడానికి వెళ్ళినా, నేను పెరట్లో గేదె దగ్గరే ఉన్నాను. వాడి అడుగుల చప్పుడు వీధిలోకి వెళ్ళాకే ఇంట్లోకొచ్చేదాన్ని. నన్నెవరూ వెళ్ళమనలేదు. వెళ్ళకపోతే మాత్రం అందరూ గుమ్మంలో ఆగి చూసేవాళ్ళు. ఆ ఆగడం కన్నా పెరడే నయం అనిపించేది.

ఆ నిలబడ్డాయన రోజూ పొద్దున్నే పంతులుగారు చెప్పిన వేళకి ప్రచారానికి బయల్దేరతాడని ఊరందరికీ తెలుసు. గేటుకి ఎదురుగా నీళ్ళబిందెతో ఒక ముత్తయిదువని నడిపిస్తారు, శకునం బాగుండాలని. నేను తలస్నానం చేసి, ఉతికిన నేతచీర కట్టుకుని, ఆ రవికల గుడ్డ చేతిలో పట్టుకుని వెళ్ళాను. బిందె ఆవిడ ఇంకా పక్కసందులోనే ఉంది. నేను గేటుకి సరిగ్గా ఎదురుగా, రోడ్డు మీద నిలబడ్డాను.

లోపల జీపులు, జెండాలు, దండలు. కొబ్బరికాయ కొట్టారు. ఆయన గుమ్మం మెట్టు మీద కాలు పెట్టబోయి నన్ను చూశాడు. కాలు వెనక్కి తీసుకున్నాడు.

అంత పెద్ద మనిషి, కాలు వెనక్కి తీసుకున్నాడు. ఊరంతా ఓట్లడిగేవాడికి నా మొహం అంటే అంత భయం.

ఒక కుర్ర నాయకుడు పరిగెత్తుకొచ్చాడు.

"మామ్మగారూ, కాస్త పక్కకి జరగండి. టైమవుతోందండి."

"ఎక్కడికి జరగమంటావు నాయనా?"

"అదే... అటు పక్కకి."

"ఈ రోడ్డు మున్సిపాలిటీది. ఆ వంపు దగ్గరి గోడ నాది. మీరు నా గోడ మీద నిలబడ్డారు, నేను మున్సిపాలిటీ రోడ్డు మీద నిలబడ్డాను. ఎవరిది తప్పో నీ రూల్సులో చూసి చెప్పు."

వెనకనించి ఎవడో గొణిగాడు, "పొద్దున్నే ఎదురొచ్చింది చూడు, ముండమోపిది" అని. వినిపించనే వినిపించింది. వినిపించాలనే అన్నాడు.

"అవునయ్యా, అదే," అన్నాను గట్టిగా. "మీ ఇంటి ఆడవాళ్ళకీ అదే తెలిసింది. అందుకే నన్ను దాటి నా కోడలి దగ్గరికి వెళ్ళారు. పిలవండి వాళ్ళని."

ఆయన భార్య వచ్చింది. మొహం కందగడ్డలా ఉంది.

"లోపలికి రండి మామ్మగారూ. కూచుని కాఫీ తాగుతూ మాట్లాడుకుందాం. ఎండలో ఎందుకండీ?"

"మా ఇంటికొచ్చినప్పుడు నాతో కూచుని మాట్లాడారా? ఇదిగో మీ గుడ్డ. ఒక్కటే అడుగుతాను, చెప్పండి. మీరు మా కోడలికి పెట్టింది పేరంటం బొట్టా, గోడ బొట్టా?"

ఆవిడ చేతులు వెనక్కి పెట్టుకుంది. పెట్టిన గుడ్డ తిరిగి తీసుకోవడమంటే ఇంటికి అరిష్టం కదా. "అదేంటండీ అలా అంటారు, ఇచ్చింది వెనక్కి ఇవ్వకూడదండి" అంది.

"పేరంటం బొట్టు అయితే గోడ అడక్కుండా రాశామని మీ ఆయన్ని రాసిమ్మనండి, ఈ గుడ్డ దాచుకుంటాను. గోడ బొట్టు అయితే ఇదిగో, తీసుకోండి. మీ జెండాల మీదే వేసిపోతాను."

పంతులుగారు గడియారం చూసుకుంటున్నారు. ఇంకాసేపుంటే వర్జ్యం వస్తుందని ఒకరు, పెరటి గుమ్మంలోంచి వెళ్దామని ఇంకొకరు. "ఓట్లడగడానికి పెరటి గుమ్మం ఏంటండీ, ఎవరైనా చూస్తే నవ్వుతారు" అని మరొకరు. నేను కదల్లేదు. కాళ్ళకి చెప్పులు కూడా లేవు. తారు అప్పుడే కాలుతోంది. కోపం ఉంటే కాలు కాలడం తెలియదు.

అప్పుడు పక్కగది కిటికీ దగ్గర ఒక తెల్లచీర కదిలింది. నిలబడ్డాయన తల్లి. నాకంటే పెద్దావిడ. కొడుకు రోజూ బయల్దేరే వేళకి ఆవిడ ఆ గదిలో తలుపు వేసుకుని కూచుంటుందని నాకు అప్పుడే తెలిసింది. కిటికీ ఊచల మధ్యనుంచి ఆవిడ గొంతు వచ్చింది, విసుగ్గా.

"రాసిచ్చి తగలెయ్యరా. ఆవిడకి ఎండగా ఉంది, నాకిక్కడ ఉక్కగా ఉంది."

ఎవరూ నవ్వలేదు. ఆయన తల్లి వైపు చూడలేదు, నా వైపూ చూడలేదు. జీపు మీద కాగితం పెట్టించి రాసి సంతకం పెట్టాడు. ఆ కుర్రాడు తెచ్చి ఇచ్చాడు. నేను అక్కడే నిలబడి కూడబలుక్కుని మొత్తం చదివాను. చదువుతుండగా వాళ్ళు ఆగారు. ‘ఇంటివారి అనుమతి లేకుండా’ అన్న మాట ఉందని చూసుకున్నాకే పక్కకి జరిగాను. కిటికీ వైపు చూసి దండం పెట్టాను. అప్పటికే తలుపు మూసేశారు.

కాగితం ఆఫీసులో ఇచ్చాను. మెమో మూసేశారు. మావాడి డ్యూటీ వాడికి ఉంది, ఉద్యోగం వాడికి ఉంది.

ఇక గోడ. మున్సిపాలిటీవాళ్ళు కెమేరాతో వచ్చి రాతల్ని వీడియో తీసుకున్నారు. తర్వాత ఇద్దరు మనుషులు సున్నం బకెట్టుతో వచ్చారు. అది సున్నమా? మజ్జిగలో సగం నీళ్ళు కలిపినట్టుంది. ఒక్క పూత పూసి వెళ్ళిపోయారు. ఆరేసరికి అక్షరాలన్నీ లోపల్నించి తేలాయి, పాత మచ్చలా. పేరు చదవొచ్చు, గుర్తు చూడొచ్చు. టీకొట్టు బల్ల మీది అవతలి పార్టీ మనిషి మళ్ళీ కెమేరా తగిలించుకుని వచ్చాడు.

"ఇంకా కనిపిస్తోందండి మామ్మగారూ. మేం మళ్ళీ కంప్లైంటు ఇవ్వాల్సి వస్తుందేమో."

"ఇచ్చుకో. అక్కడే ఉండి ఫోటో కూడా తీసుకో," అన్నాను.

పెరట్లోంచి పేడతట్ట తెచ్చాను. ఊక కలిపి పిసికి, ఆ మూలనుంచి మొదలుపెట్టాను. నా గోడ, మూడు పూతల గుల్లసున్నం గోడ, దాని మీద ఫట్ ఫట్ మని పిడకలు చరిచాను. నిలబడ్డాయన పేరు మొదటక్షరం మీద ఒకటి, రెండో అక్షరం మీద ఒకటి. గుర్తు పెద్దది, దానికి చాలా పట్టాయి. కోడలు బయటికొచ్చి చూసి గుండె మీద చెయ్యి వేసుకుంది.

"అత్తయ్యగారూ, వీధి గోడండీ! బస్సుల్లో అందరూ చూస్తారు!"

"చూడనీ. పిడక ఏ పార్టీ గుర్తో చెప్పమను. నువ్వూ రా, చెయ్యి వెయ్యి."

వచ్చింది. మొదట ముక్కు మూసుకుంది గానీ తర్వాత నాకంటే గట్టిగా చరిచింది. అవి ఎండి, పెకలించినప్పుడు వెనకాల సున్నం పెళ్ళలు, వాటితోపాటు రంగు అక్షరాల ముక్కలు ఊడి వచ్చాయి. ఆ పిడకలతోనే కొన్నాళ్ళు నీళ్ళపొయ్యి వెలిగించాం. బాగానే మండాయి. ఆ గోడకి మళ్ళీ నేను సున్నం వెయ్యలేదు. పిడకల గోడ మీద ఎవడూ రిజర్వుడు అని రాయలేదు.

అసలు కోపం వీటన్నిటి తర్వాత వచ్చింది. పోలింగుకి ముందురోజు పొద్దున్న మా అబ్బాయి పెట్టెలు తీసుకోవడానికి బయల్దేరుతున్నాడు. అంతకుముందే నన్ను వంటింట్లోకి పిలిచి మెల్లిగా అన్నాడు.

"అమ్మా, ఆయన ఇంటి ముందు ఎదురెళ్ళి నిలబడ్డావట. స్టాఫ్‌రూంలో అందరూ అదే మాట. నలుగురూ ఏమనుకుంటారే?"

"నీ ఉద్యోగం నిలిచిందనుకుంటారు."

"అది కాదమ్మా. అలా... ఆ రకంగా నిలబెట్టుకోవడం..."

నా బొట్టు లేని నుదురుతో వాడి జీతం నిలిచిందంటే వాడికి సిగ్గు. అదే నుదురు వాడు బయల్దేరినప్పుడల్లా పెరట్లో గేదె పక్కన నిలబడి ఉంటే వాడికి ఏనాడూ సిగ్గు వెయ్యలేదు. జవాబు నా దగ్గరుంది. చెబితే ఆ పూట వాడు డ్యూటీకి వెళ్ళలేడు.

ఎప్పట్లాగే పెరట్లోకి వెళ్ళాను. పేడతట్ట తీసుకున్నాను. ఇల్లు చుట్టూ తిరిగి వీధిలోకి వచ్చాను. గేటు పక్కన గోడకి ఇంకా కాస్త ఖాళీ ఉంది, అక్కడ మొదలుపెట్టాను.

వాడు సంచీ భుజాన వేసుకుని వరండా దిగాడు. కోడలు వెనకాల ఉంది. గేటు దగ్గర నన్ను చూసి ఆగాడు. నేను జరుగుతానని చూశాడు. వాడు ఆగడం నేను చూశాను. ఆ పార్టీ ఆయన కాలు వెనక్కి తీసుకున్నట్టే, వీడి కాలూ గేటు ముందు అలా ఆగింది. నేను కన్నవాడి కాలు.

చేతిలో పేడముద్ద గోడకేసి కొట్టి, వాడి మొహంలోకి చూశాను.

"బస్సు వంపు తిరుగుతోందిరా. వెళ్ళు."

వాడు కోడలి వంక చూశాడు. అది తట్టలోంచి ఒక ముద్ద తీసుకుని నా పక్కన వచ్చి నిలబడింది. అప్పుడు వాడు గేటు తీసుకుని, నా ముందునుంచే, నన్ను దాదాపు రాసుకుంటూ వెళ్ళి బస్సెక్కాడు.

మర్నాడు చీకటి పడ్డాక ఇంటికి వచ్చాడు. నిద్ర లేక కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ఒంటినిండా దుమ్ము. ఏ గొడవా జరగలేదన్నాడు. నేను నీళ్ళు కాచి పెట్టి, "స్నానం చెయ్యి" అన్నాను. ఆ తర్వాత మాత్రం వాడు ఎక్కడికి బయల్దేరినా, నేను వీధరుగు మీదే కూచున్నాను.